పొయ్యి చూడని కాఫీ

“మా ఇంట్లో కాఫీ అంటే మా అమ్మ చేతి కాఫీనే” అని శ్రీకంఠయ్య వచ్చినవాళ్ళకు చెప్పినప్పుడల్లా వంటింట్లో అతని భార్య అంబుజాక్షికి నవ్వు వచ్చేది. కోపం రావలసిన చోట నవ్వు రావడం ఆమెకు పుట్టుకతో వచ్చిన జబ్బు. అత్తగారు నాగరత్నమ్మ చెయ్యి కాఫీ వ్యవహారంలో పడేది లోటా ఎత్తేటప్పుడు మాత్రమే. ఎత్తడం మాత్రం ఆవిడ చాలా బాగా ఎత్తేది. పెదవికి తగలకుండా పైనుంచి గొంతులోకి పోసుకుంటే ఒక్క బొట్టు కింద పడేది కాదు.

చింతామణి పేటలో రామచంద్రప్ప అంగడికి పచ్చి కాఫీ గింజలు బెంగళూరునుంచి రైల్లో మూటలుగా వచ్చేవి. మూట విప్పిన దినమే ఆయన మూడు నాలుగు రకాలు పొట్లాలు కట్టి శ్రీకంఠయ్య ఇంటికి పంపేవాడు, ‘అమ్మగారు ఏది బాగుందంటే దాన్నే తక్కిన ఇండ్లకు కూడా ఇస్తాను’ అని. ఆ అమ్మగారు ఎవరో రామచంద్రప్పకు తెలుసు. శ్రీకంఠయ్యకు మాత్రం అది తన తల్లి గురించిన మాటగానే వినిపించేది. అంబుజాక్షి కిటికీ కింద పాత తెల్లపంచె పరచి పొట్లాలు వేరువేరుగా పోసేది. నల్లబడినవీ పురుగు తొలిచినవీ మెరికలూ ఏరి అవతల పడేసేది. ఒక్కొక్క రకంలో ఒక గింజ పంటికింద పెట్టి కొరికేది. మంచి గింజ టిక్కుమని విరుగుతుంది. ఏడాది మూలిగిన గింజ తోలులాగా సాగుతుంది. కాయలో రెండు బద్దలుగా కాకుండా ఒక్కటే గుండ్రంగా పెరిగే గింజను గుండుగింజ అంటారు. అవి కంటబడితే ఏరి పక్కన ఒక చిన్న గిన్నెలో వేసుకునేది. ఆ గిన్నె ఎందుకని ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు. ఆమె చేసే పనుల్లో అడిగి తెలుసుకోవలసినంత విశేషం ఏముంటుందని వాళ్ళ నమ్మకం.

ఏరడం అయినాక వేయించడం, విసరడం. పొగకు కండ్లు మండేవి, మరకు భుజం లాగేది. తెల్లవారేసరికి గుడ్డసంచిలో పొడి పోసి మరిగిన నీళ్ళు పోస్తే మొదట దిగిన చిక్కటి డికాషన్ శ్రీకంఠయ్యకూ, అత్తగారికీ. అదే పొడిమీద రెండోసారి పోసింది చుట్టాలకూ, కచేరీనుంచి పనిమీద వచ్చినవాళ్ళకూ. మూడోసారి పోసిన నీళ్ళు అంబుజాక్షివి. అది కాఫీ అని తెలుసుకోవాలంటే ముందుగా ఎవరైనా చెప్పి ఉండాలి. కాపురానికి వచ్చిన కొత్తలో ఒకసారి ఆమె తెలియక మొదటి దాంట్లోనే అర లోటా పోసుకుంది. “మొగవాడికంటే ముందు నోరు తడుపుకునే ఆడది మా వంశంలో లేదమ్మా” అంది నాగరత్నమ్మ. ఆ సాయంత్రం శ్రీకంఠయ్య భార్యను ఓదార్చాడు కూడా. అతను పత్రికలు తెప్పించేవాడు, స్త్రీల అభివృద్ధి గురించి అరుగుమీద గట్టిగా మాట్లాడేవాడు. “అమ్మ అన్న మాటకు మనసు కష్టపెట్టుకోవద్దు. ఏ డికాషన్ అయితే ఏమి, అంతా ఒకే పొడి గదా” అన్నాడు. ‘ఒకే పొడి అయితే రేపటినుంచి మీరు మూడోది తాగండి’ అనే మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చి అక్కడే నిలిచిపోయింది. చిక్కబళ్ళాపురంలో మెట్రిక్ దాకా చదివి వచ్చిన మనిషి ఆమె. ఈ పదేళ్ళలో అట్లా నాలుక చివర నిలిచిపోయిన మాటలతో వారం వారం ఒక సంత నడపవచ్చు.

నెలకు మూడు దినాలు ఆమె బయట చేరేది. పెరట్లో ఆవుల కొట్టానికి ఆనుకుని చిన్న వసారా, చాప, ఒక మట్టి ముంత. వంటింటి గడప తొక్కకూడదు, నిప్పు తాకకూడదు, ఎవరికీ తగలకూడదు. ఆ మూడు దినాలూ వంట నాగరత్నమ్మది. గరిటె గిన్నెకు కొట్టే చప్పుడును బట్టి ఆవిడకు ఎంత కష్టంగా ఉందో పెరట్లోకి తెలిసేది. పొద్దున అందరి కాఫీలూ అయినాక, చల్లారిపోయిన మూడో నీళ్ళు దూరంనుంచి ముంతలో పోసి పోయేది. ఒకసారి అంబుజాక్షి కొంగు ముడిలో పిడికెడు పొడి ఉండిపోయింది. తాగడానికి కాదు, వాసన చూసుకోవడానికి. తోచక దాన్ని ముంతలో వేసి చన్నీళ్ళు పోసి పైన ఆకు కప్పి మరిచిపోయింది. మరునాడు పొద్దున ఆకు తీసి చూస్తే నీళ్ళు నల్లగా, నిదానంగా మెరుస్తున్నాయి. కొంగుతో వడగట్టి ఒక గుక్క తాగింది. పొయ్యి చూడని ఆ కాఫీలో చేదు నాలుకను కొరకలేదు. వేడి డికాషన్‌లో పొగ వెనక దాక్కునే వాసనలన్నీ ఒకటొకటిగా బయటికి వచ్చి కూర్చున్నాయి. చిన్న బెల్లంముక్క నోట్లో పెట్టుకుని ఆమె ముంత అడుగుదాకా తాగింది. తన పెండ్లయినాక మొదటి డికాషన్ కడుపునిండా తాగడం అదే మొదలు, దానికి డికాషన్ అని పేరు పెట్టవచ్చో లేదో గాని.

తరువాత తరువాత దానికి కావలసినది నేర్చుకుంది. మెత్తటి పొడి బురద అయిపోతుంది, రవ్వలాగా విసరాలి. మాడ వేయించిన గింజ చన్నీళ్ళకు లొంగదు. బెల్లం రంగు రాగానే దించాలి. గుండుగింజ అయితే మరీ మేలు. అందుకే ఆ చిన్న గిన్నె. బయటి బట్టలు ఉతకడానికి వచ్చే చాకలి పుట్టమ్మకు కూడా ఒక చిప్పెడు పోసేది. పుట్టమ్మది దిబ్బూరహళ్ళి.

“ఇది ఏమి మందు అమ్మణ్ణీ, లోపలికి పోతానే కండ్లు తెరుచుకుంటాండాయి” అంది మొదటిసారి.

“మందు కాదే. మా ఇంట్లో మొగవాళ్ళు తాగే కాఫీ.”

“మీ చేతినుంచి నేను తాగితే పెద్దమ్మ ఊరుకుంటాదా?”

“నన్నూ ఎవరూ తాకకూడదు, నిన్నూ తాకకూడదు. ఈ మూడు దినాలూ మనిద్దరిదీ ఒకటే కులం. తాగు.”

పుట్టమ్మ పమిట అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఆ యేడు ఎండాకాలంలో శ్రీకంఠయ్య ఉగాది పండుగ చేసుకుని సర్వే పనిమీద బాగేపల్లి దాటి చాకవేలు పక్కకు మకాం పోయాడు. యుద్ధకాలం, ఇద్దరి పని ఒకరే చేస్తున్నారు; నరసింహ జయంతికి గాని తిరిగి రానన్నాడు. అతను బండెక్కిన రెండో దినమే అతని అక్క, పిల్లలతో సహా సెలవులకు దిగింది. అప్పడాలు, వడియాలు, పిల్లలకు మూడుపూటలా పలహారాలు, వదినగారికి తలనొప్పి కాఫీలు. అంబుజాక్షి పనులు చేస్తూనే ఉంది, పనులు పుడుతూనే ఉన్నాయి. ఇంతలో తన దినాలు వచ్చిపోవలసినవి రాలేదని ఆమెకు తెలిసింది. ఇద్దరు ఆడపిల్లలను కన్న మనిషి, అర్థమయింది. రేపు చెబుదామనుకుంది. రేపు కూడా రేపు చెబుదామనుకుంది. చెబితే ఏమవుతుందో తెలుసు. ‘ఈసారైనా మగబిడ్డ’ అంటారు, వేవిళ్ళకు ఇంత చింతపండు ఇస్తారు, పని మాత్రం ఎక్కడిది అక్కడే ఉంటుంది. ఇంకా పైన, దాదాపు యేడాదికాలం పెరటి వసారా ఉండదు, ముంత ఉండదు, ఎవరూ తగలకుండా ఒక చోట కూర్చోవడం ఉండదు.

శ్రీరామనవమి అయి రెండు దినాలయింది. అప్పడాల పిండి దంచి ముద్దచేసి పెట్టారు. ఆ పిండిముద్ద వైపు చూసి, అంబుజాక్షి వంటింటి గడప అవతల నిలబడి, “అత్తా, నేను బయట చేరినాను” అంది.

“పిండి కలిపిన దినమే చూసుకుని చేరింది సూడమ్మా, ఏమి ఘడియో” అంది ఆడబిడ్డ.

ఆ మూడు దినాలు ఆమె జీవితంలో మొదటిసారి దొంగతనం చేసిన సొమ్ము తిన్నట్టు తిన్నది. అపరాధం ఉంది, రుచీ ఉంది. మైల ఉండి మడి అని చెప్పిన ఆడదానికి ఏ నరకమో పెద్దలు రాసి పెట్టారు. మడిగా ఉండి మైల అని చెప్పినదాన్ని ఎక్కడికి పంపాలో పాపం వాళ్ళకు తోచినట్టు లేదు. వాళ్ళకు ఆ అవసరం వస్తుందని తోచి ఉండదు. చాపమీద వెల్లకిలా పడుకుని కొట్టం కప్పును చూసింది. ముంతలో గుండుగింజల రవ్వ నానుతోంది. కడుపుమీద చెయ్యి వేసుకుని, “నువ్వూ కాసేపు కూర్చో” అనుకుంది.

మూడు వారాలు గడిచాయి. ఆడబిడ్డ వెళ్ళిపోయింది. ఒక పొద్దున పెనంమీద గింజలు వేయిస్తుంటే, ఇన్నాళ్ళూ ప్రాణంలాగా ఉన్న ఆ వాసన ఒక్కసారిగా గొంతులో గుద్దినట్టయింది. పరుగెత్తి పెరట్లో కక్కుకుంది. తలెత్తేసరికి నాగరత్నమ్మ చెంబుతో నీళ్ళు పట్టుకుని నిలబడి ఉంది. ఆవిడ మొహంలో మొదట సంతోషమే వచ్చింది. నిజంగానే వచ్చింది, అంబుజాక్షి దాన్ని చూసింది, తరువాత చాలా కాలం మరిచిపోలేకపోయింది కూడా. ఆ తరువాత ఆవిడ బొటనవేలు వేళ్ళ గణుపులమీద కదిలింది. ఉగాదికి కొడుకు బండెక్కాడు. నవమి దాటినాక కోడలు బయట చేరింది. కొడుకు ఇంకా రాలేదు. వేలు అక్కడ ఆగిపోయింది. చెంబు గట్టుమీద పెట్టి లోపలికి వెళ్ళింది.

ఆ పొద్దున అంబుజాక్షి లోటాతో కాఫీ తెచ్చి పెట్టింది.

“నాకు వద్దమ్మా” అంది నాగరత్నమ్మ.

“ఒంట్లో బాగాలేదా అత్తా?”

“బాగానే ఉండాది. నీ చేతి కాఫీ వద్దు.”

ఇంతే. కేకలు లేవు, తిట్లు లేవు. ఆవిడ తన అన్నం తాను వండుకుంది, నీళ్ళు తాను తోడుకుంది. పిల్లలిద్దరినీ దగ్గర పడుకోబెట్టుకుంది. రెండో దినం అంబుజాక్షి ఆవిడ ఎదుట నిలబడి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. “ఆ దినం నేను బయట చేరలేదు అత్తా. అబద్ధం చెప్పినాను. కూర్చోవాలనిపించింది.”

నాగరత్నమ్మ తన అన్నం గిన్నె పొయ్యిమీదనుంచి దించుకుంది. “కూర్చోవాలని ఏ ఆడదైనా మైల తెచ్చుకుంటాదా? చదువుకున్నదానివి, ఇంకా బాగా అల్లు” అంది.

శ్రీకంఠయ్య జయంతికి ముందురోజు దిగాడు. తల్లి ఏమి చెప్పిందో ఎంత చెప్పిందో తెలియదు. అరగంట తరువాత అతను గదిలోకి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. అంబుజాక్షి ఏమీ దాచలేదు. పిండిముద్ద చెప్పింది, వసారా చెప్పింది, చన్నీళ్ళలో నానబెట్టిన కాఫీ చెప్పింది. గుండుగింజలు ఏరుకోవడం కూడా చెప్పింది. చెబుతూ ఉంటే ఆమెకు ఒక రకంగా తేలికయింది. ఈ మనిషితో ఇంతసేపు తన గురించి మాట్లాడటం ఇదే మొదటిసారి అని మధ్యలో గుర్తొచ్చింది. అతను శ్రద్ధగానే విన్నాడు. అయినాక గొంతు సవరించుకున్నాడు.

“నేను తక్కిన మొగవాళ్ళ మాదిరి కాదు అంబుజా. ఏమి జరిగిందో నేను అడగను. ఏదయినా కానీ, మనసులో పెట్టుకోను.”

ఆమెకు మొదట అర్థం కాలేదు. అర్థమయినాక, ఆ పుట్టుజబ్బు నవ్వు కూడా రాలేదు. అతను తనను కొట్టి ఉంటే, పుట్టింటికి పొమ్మని ఉంటే, ఎదురు మాట్లాడటానికి ఏదో ఒకటి ఉండేది. అతను క్షమించాడు. చేయని తప్పుకు క్షమ ఇచ్చేస్తే దాన్ని ఎవరికి తిరిగి ఇవ్వాలి? మరునాటినుంచి అతను అరుగుమీద పడుకున్నాడు. కాఫీ తీసుకుపోతే చెయ్యి చాపకుండా, “అక్కడ పెట్టు” అనేవాడు. ఆమె పెట్టి నాలుగడుగులు వెనక్కి వచ్చినాక తీసుకునేవాడు. మర్యాదగానే అనేవాడు, పిల్లలముందు నవ్వుతూ కూడా అనేవాడు. వంటింట్లో తిరుగుతూ, నిప్పు రాజేస్తూ, అందరికీ వడ్డిస్తూ ఉన్న మనిషి బయట చేరినట్టే అయిపోయింది. మూడు దినాలయినాక తలకు పోసుకుని లోపలికి రావడానికి దీనికి స్నానం లేదు.

అట్లా ఎన్నాళ్ళు సాగేదో. ఒక మధ్యాహ్నం అంబుజాక్షి బావి దగ్గర తోముతుంటే, కొట్టం వెనక పుట్టమ్మ గొంతు, నాగరత్నమ్మ గొంతు తగ్గుస్వరంలో వినిపించాయి.

“నేను ఉతికేదాన్ని, నాకు తెలీదా పెద్దమ్మా? ఆ నెల బట్టల్లో మరక అనేదే లేదు. ఎట్ల వేసినాదో అట్ల శుభ్రంగా ఉండాది. నేను అప్పుడే అనుకుంటి.”

“అనుకుంటే చెప్పేది గదే.”

“నన్ను అడిగితే గదా చెప్పేది? మీ ఇండ్లల్లో అడక్కుండా చెప్తే మా నోరు మూయిస్తారు.”

పుట్టమ్మ మూట ఎత్తుకుని వెళ్ళిపోయింది. నాగరత్నమ్మ వచ్చి బావి గట్టుమీద కూర్చుంది. ఆవిడ గుండుతలమీద ముసుగు జారింది, సర్దుకోలేదు.

“విన్నావు గదా” అంది.

“విన్నాను. ఇంక ఆయనతో మీరే చెప్పండి అత్తా, నేను చెప్పింది నిజమని.”

“చెప్పను.”

అంబుజాక్షి చేతిలో చెంబు ఆగిపోయింది.

“నీకు చదువుండాది గాని బుద్ధి లేదే. ఈ ఇంట్లో పుట్టినప్పటినుంచి పోయేదాకా ఆడది లేచినదానికి, కూర్చున్నదానికి సమాధానం చెప్పాల. ఆ మూల ఒక్కటే, ఎందుకు కూర్చున్నావే అని అడిగే మొగవాడు లేని చోటు. నువ్వు పోయి వాని దగ్గర దాని గుట్టు విప్పినావు. నిజమా అబద్ధమా అని వాడు ఒక్కసారి అడిగేదానికి మరిగితే, రేపు నీ కూతుళ్ళను కూడా అడుగుతారు. వాడు నమ్మలేదు, మన అదృష్టం.”

“మన” అన్న మాట అంబుజాక్షి చెవికి కొత్తగా తగిలింది. “మీరు కూడా ఎప్పుడైనా...” అంది.

నాగరత్నమ్మ లేచింది. “పప్పు అడుగంటతాండాది, పోయి చూడు” అంది.

ఆ సాయంత్రమే ఆవిడ కొడుకును పిలిచి వంటింటి గోడకు ఇవతల అంబుజాక్షి వినేటట్టే చెప్పింది. “ఒరే, కొందరికి కడుపు నిలిచినాక కూడా ఒకసారి కనిపిస్తాది. నీ అప్పుడు నాకూ అట్లే అయింది, ఇన్నాళ్ళకు గుర్తొచ్చింది. ఆ పిల్ల బెదిరిపోయి ఏమేమో కాఫీ కతలు చెప్పింది. నువ్వు అరుగుమీద పడుకునేది చాలించు, దోమలు.”

అంతే చాలింది. శ్రీకంఠయ్య నేరుగా వంటింట్లోకి వచ్చాడు. భార్య చేతినుంచే లోటా అందుకున్నాడు, వేళ్ళు తగిలేటట్టు. అతని కండ్లల్లో నీళ్ళు కూడా ఉన్నాయి, చెడ్డవాడు కాదు. “ముందే ఈ మాట చెప్పకూడదా? ఆ నానబెట్టిన కాఫీ కత ఎందుకు చెప్పినావు? ఎవరైనా నమ్మేదేనా అది? ఇంకెవరి దగ్గరా అనొద్దు, నవ్వుతారు” అన్నాడు.

ఆమె నోటినుంచి వచ్చిన నిజాన్ని అతను క్షమించాడు. అతని తల్లి నోటినుంచి వచ్చిన అబద్ధాన్ని నమ్మాడు. రెండింటి మధ్యా ఆమె పరువు బతికి బయటపడింది. తాను మాత్రం ఎక్కడో దారిలో పడిపోయింది. అంబుజాక్షి పొయ్యిలో కట్టె సరిచేసింది. ఏడుపు వస్తుందేమోనని కాసేపు చూసింది. రాలేదు. పదేళ్ళుగా ఒకే చాపమీద పడుకున్న మనిషి చనిపోయాడని ఎవరో దూరదేశంనుంచి కబురు తెచ్చినట్టు, ఎవరు పోయారో అనుకుంటున్నట్టు ఉంది.

తరువాత అంతా సవ్యంగానే జరిగింది. అత్తగారు కాఫీ తాగింది, చింతపండు ఇచ్చింది, మగబిడ్డ అంది. బావి గట్టు దగ్గర మాట్లాడిన ఆవిడ మళ్ళీ కనిపించలేదు. ఏడో నెల రాగానే అన్న ఆదిశేషయ్య పురుటికి పిలుచుకుపోవడానికి చిక్కబళ్ళాపురంనుంచి వచ్చాడు. భోజనం దగ్గర ఏదో మాటకు మాటగా, తమ వీధి ఆడపిల్లల బడికి టీచరమ్మ దొరకక పిల్లలు ఊరికే కూర్చుని వస్తున్నారని అన్నాడు. ఆ సాయంత్రం మూటలు కట్టుకుంటూ అంబుజాక్షి అన్నను దగ్గరికి పిలిచింది. “పచ్చిబాలింతను తీసుకుంటారా అన్నా, ఆ బడిలో?” అని అడిగింది. ఆదిశేషయ్య చెల్లెలి మొహం చూసి, ఎందుకని అడగలేదు. “బిడ్డ నాలుగు నెలలది అయినాక తీసుకుంటారు. అమ్మ ఉండాది గదా, చూసుకుంటాది” అన్నాడు. ఆమె కూతుళ్ళిద్దరి పుస్తకాలు కూడా మూటలో పెట్టింది.

చింతామణి స్టేషన్‌లో చిన్నరైలు పొగ కక్కుతూ నిలబడింది. పిల్లలిద్దరూ కిటికీకి అంటుకుపోయారు. శ్రీకంఠయ్య అరటిపండ్ల గెల కిటికీలోంచి లోపలికి అందించి, పైపంచెతో చెయ్యి తుడుచుకున్నాడు. పుస్తకాలు ఉన్న మూటను చూశాడు గాని, ఆడవాళ్ళ మూటల్లో ఏముంటుందో అడిగే అలవాటు అతనికి లేదు.

“పురుడయినాక ఐదో నెలలోనా, ఏడో నెలలోనా, ఎప్పుడు తిరిగి వస్తావు?” అన్నాడు.

అంబుజాక్షి అతన్ని నిదానంగా చూసింది. నిజం చెప్పడానికి నోరు తెరిచింది కూడా.

“అత్తను అడగండి” అంది. “ఆమె ఏమి చెప్తే అది మీరు నమ్ముతారు.”

భార్యకు తన తల్లిమీద ఇంత గౌరవం కలిగినందుకు శ్రీకంఠయ్య మొహం విప్పారింది. “సరే, అమ్మనే అడుగుతాలే” అన్నాడు సంతోషంగా, కదిలిన రైలుతోపాటు నాలుగడుగులు నడుస్తూ.